బిలియన్ అంటే ఎన్ని కోట్లు? మాట పుట్టుక నుంచి సున్నాల లెక్క దాకా

వానాకాలం వచ్చిందంటే మన పేపర్ల నిండా టీఎంసీలే. శ్రీశైలంలో ఇన్ని, సాగర్‌లో ఇన్ని, సముద్రంలోకి పోయినవి ఇన్ని. టీ కొట్టు బల్ల మీద కూర్చున్న రైతు కూడా ఈ లెక్కలు అలవోకగా చెబుతాడు. ఆ మూడక్షరాలను విడదీస్తే థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్. అంటే వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులు. వెయ్యి మిలియన్లంటే ఒక బిలియనే కదా! నేరుగా బిలియన్ అనకుండా ఇలా చుట్టు తిప్పి ఎందుకు చెప్పారు?

ఎందుకంటే బిలియన్ అనే మాట ఒకే అంకె మీద నిలబడింది కాదు. ఒక కాలంలో ఒక దేశంలో దానికి తొమ్మిది సున్నాలు, ఇంకో దేశంలో పన్నెండు. మన చేతికి వచ్చేసరికి మరో చిక్కు: మనం లక్షల్లో, కోట్లలో ఆలోచిస్తాం, అది వేల మెట్ల మీద నడుస్తుంది.

నేను చాలా ఏళ్లు వార్తల డెస్క్‌లో ఇంగ్లీషు కాపీలను తెలుగు చేసే పని చేశాను. కొత్తలో ఒక రాత్రి 2.5 బిలియన్ రూపాయల ప్రాజెక్టు వార్త నా చేతికి వచ్చింది. '25 కోట్ల ప్రాజెక్టు' అని హెడ్డింగు పెట్టేశాను. పేజీ ప్రింటుకు వెళ్లే ముందు మా సీనియర్ ప్రూఫ్ పట్టుకుని వచ్చారు.

"ఏమయ్యా, బిలియన్‌కి ఎన్ని సున్నాలు?"

"తొమ్మిదండీ."

"కోటికి?"

"ఏడండీ."

"తొమ్మిదిలో ఏడు పోతే?"

"రెండు."

"రెండు సున్నాలంటే వంద కదా. మరి నీకు పది ఎక్కణ్నుంచి వచ్చింది?"

ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడు తెలియలేదు గానీ తర్వాత తెలిసింది. 'ఒక మిలియన్ పది లక్షలు' అని చిన్నప్పుడు కంఠతా పట్టిన 'పది' బిలియన్ దగ్గరికి కూడా వెంట వచ్చేసింది. తెలుగులో మిలియన్, బిలియన్ తప్పుల్లో నేను చూసినవి ఎక్కువ ఇదే రకం. అది జరగకుండా ఉండాలంటే ముందు మాటేమిటో తెలియాలి, తర్వాత సున్నాలు తీసేయడం అలవాటు కావాలి.

1. ముందు మాటను విరిచి చూడండి

బిలియన్‌కు తల్లి మిలియన్. మిలియన్‌కు తల్లి లాటిన్‌లోని 'మిల్లె'. మిల్లె అంటే వెయ్యి. ఈ మిల్లె మనకు పరాయిదేం కాదు. మీటరులో వెయ్యో వంతు మిల్లీమీటరు. వెయ్యేళ్లు మిలీనియం. రోమన్ సైనికులు ఎడమ కాలు, కుడి కాలు కలిపి ఒక అడుగుగా లెక్కేసుకుని, అలాంటివి వెయ్యి నడిస్తే వచ్చే దూరం మైలు. అంటే మన ఊరి పొలిమేరలో పడి ఉన్న పాత మైలురాయి పేరులో కూడా ఒక 'వెయ్యి' ఉంది.

ఇటాలియన్‌లో ఒక మాట చివర 'ఓనె' తగిలిస్తే ఆ వస్తువు పెద్దదైపోతుంది. 'పల్లా' అంటే బంతి, 'పల్లోనె' అంటే పెద్ద బంతి. ఆ పల్లోనే ఫ్రెంచి మీదుగా వచ్చి మన జాతరలో అమ్మే బెలూన్ అయింది. అదే దారిలో 'మిల్లె'కి 'ఓనె' చేరి 'మిల్లియోనె' పుట్టింది. అంటే పెద్ద వెయ్యి. వెయ్యి ఉత్త వెయ్యి అయితే, వేయింతలైన వెయ్యి పెద్ద వెయ్యి. 14వ శతాబ్దంలో ఆ మాట ఇంగ్లీషులోకి చేరింది.

మిలియన్ దాటాక పేరు లేకపోయింది. 'మిలియన్ మిలియన్లు' అనాల్సి వచ్చేది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఉండే నికోలా షుకే అనే గణితజ్ఞుడు 1484లో రాసిన ఒక చేతిప్రతిలో దీనికొక దారి చూపాడు. మిలియన్ తోకను అలాగే ఉంచి, ముందు లాటిన్ అంకెలు తగిలించాడు. రెండుకి 'బై', మూడుకి 'ట్రై'. అలా బిలియన్, ట్రిలియన్, క్వాడ్రిలియన్ అంటూ వరసగా. ఈ 'బై' మన 'ద్వి'కి తోబుట్టువే. ద్విచక్ర వాహనంలో ద్వి, బైసైకిల్‌లో బై, రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. 'ట్రై'కీ 'త్రి'కీ కూడా అదే చుట్టరికం.

ఇక్కడ ఒక్కక్షణం ఆగండి. షుకే లెక్కలో 'బై' ఎందుకు రెండు? మిలియన్‌ను మిలియన్‌తో గుణించారు కాబట్టి, అంటే మిలియన్ రెండుసార్లు వచ్చింది కాబట్టి. ఆరు సున్నాలు రెండుసార్లంటే పన్నెండు సున్నాలు. అంటే బిలియన్ పుట్టినప్పుడు దాని విలువ లక్ష కోట్లు. మాట అర్థానికీ అంకెకీ చక్కగా పొంతన కుదిరిన లెక్క అది. 1690లో జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త కూడా పెద్ద అంకెలకు పేర్లుంటేనే మనసు వాటిని పట్టుకోగలదని చెబుతూ, ఆరేసి అంకెల గుంపులకు ఇవే పేర్లు వరసగా పెట్టి చూపించాడు.

మరి తొమ్మిది సున్నాల బిలియన్ ఎక్కడిది? అదీ ఫ్రాన్స్‌లోనే మొదలైంది. 17వ శతాబ్దం నుంచి అక్కడ కొందరు అంకెలను ఆరేసి కాకుండా మూడేసిగా గుంపులు కట్టి, ప్రతి గుంపుకూ కొత్త పేరు పెట్టడం మొదలుపెట్టారు. దాంతో బిలియన్ తొమ్మిది సున్నాలకు, ట్రిలియన్ పన్నెండుకు దిగిపోయాయి. అమెరికా ఆ పద్ధతే పట్టుకుంది. ఇంగ్లండ్ పాతదాన్నే పట్టుకుని కూర్చుంది. తమాషా ఏమిటంటే, అమెరికాకు ఈ అలవాటు నేర్పిన ఫ్రాన్స్ 1961లో చట్టపరంగా మళ్లీ పాత పన్నెండు సున్నాలకే వెళ్లిపోయింది. నేర్పినవాడు మారాడు, నేర్చుకున్నవాడు మారలేదు.

ఇంగ్లండ్ చివరికి అమెరికా దారికి వచ్చింది. 1974 డిసెంబర్ 20న పార్లమెంటులో ఒక సభ్యుడు, మంత్రులు బిలియన్ అన్నప్పుడు బ్రిటిష్ అర్థంలోనే, అంటే మిలియన్ మిలియన్లుగానే వాడేలా చూస్తారా అని ప్రధాని హెరాల్డ్ విల్సన్‌ను అడిగాడు. కుదరదన్నాడు విల్సన్. ప్రపంచమంతా దాన్ని వెయ్యి మిలియన్లుగా వాడుతోంది, మన మంత్రులు ఇంకోలా వాడితే గందరగోళం అని జవాబిచ్చాడు. ఆనాటి నుంచి బ్రిటిష్ ప్రభుత్వ లెక్కల్లోనూ బిలియన్‌కు తొమ్మిది సున్నాలే.

ఇప్పుడు మన టీఎంసీ దగ్గరికి వద్దాం. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఇచ్చిన తీర్పులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటాగా మనం చెప్పుకునే 811 టీఎంసీలు అప్పటివే. ఆనాటి మన ఇంజినీర్లు చదువుకున్నది బ్రిటిష్ పుస్తకాలు. అందులో బిలియన్ అంటే లక్ష కోట్లు. అమెరికన్ పుస్తకం తెరిస్తే వంద కోట్లు. ఎవరికీ అనుమానం రాకుండా ఉండాలంటే 'వెయ్యి మిలియన్లు' అనడమే క్షేమం. టీఎంసీ పేరు వెనక ఉన్న జాగ్రత్త ఇదేనని నా లెక్క. మాట మారినా అంకె మారదు.

2. సున్నాలు తీసేయడం నేర్చుకోండి

ఇది అసలు పని. ఇంగ్లీషు లెక్క వెయ్యి తర్వాత మూడేసి సున్నాల మెట్లు ఎక్కుతుంది: వెయ్యికి మూడు, మిలియన్‌కి ఆరు, బిలియన్‌కి తొమ్మిది, ట్రిలియన్‌కి పన్నెండు. మన లెక్క వెయ్యి తర్వాత రెండేసి మెట్లు ఎక్కుతుంది: లక్షకు ఐదు, కోటికి ఏడు. కోటి దాటాక మనకు వాడుకలో కొత్త పేరు లేదు. వంద కోట్లు, వెయ్యి కోట్లు, లక్ష కోట్లు అని కోటినే మోసుకుంటూ పోతాం.

ఈ రెండు నిచ్చెనలూ కలిసే చోట్లు మూడే. వాటిని మాత్రం గుర్తుపెట్టుకోండి.

మిలియన్: ఆరులో ఐదు పోతే ఒకటి. పది లక్షలు.

బిలియన్: తొమ్మిదిలో ఏడు పోతే రెండు. వంద కోట్లు.

ట్రిలియన్: పన్నెండులో ఏడు పోతే ఐదు. లక్ష కోట్లు.

పది, వంద, లక్ష. మూడూ మూడు వేర్వేరు అంకెలు, ఒకదాని అలవాటు ఇంకోదానికి పనికిరాదు. నేను ఆ రాత్రి చేసిన తప్పు అదే. కంఠతా పట్టడం కంటే తీసివేత చేయడం మేలని మా సీనియర్ అనేవారు. కంఠతా పట్టింది నిద్రమత్తులో తడబడుతుంది, తీసివేత తడబడదు.

దశాంశం ఉన్నప్పుడు కూడా ఇదే. బిలియన్‌లో చుక్కను కుడివైపు రెండు స్థానాలు జరిపితే కోట్లు వస్తాయి. 2011 జనాభా లెక్కల్లో భారతదేశం 1.21 బిలియన్. చుక్క రెండు జరిపితే 121 కోట్లు. విశ్వం వయసు 13.8 బిలియన్ ఏళ్లు, అంటే 1,380 కోట్ల ఏళ్లు. 2022 నవంబర్ 15న ప్రపంచ జనాభా 8 బిలియన్లు దాటిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. 8కి చుక్క కనిపించకపోయినా దాని వెనక ఉన్నట్టే లెక్క, 800 కోట్లు. 0.75 బిలియన్ అయితే 75 కోట్లు.

మిలియన్‌కి రెండు దారులు. చిన్న అంకె అయితే చుక్కను ఒక స్థానం కుడికి జరిపి లక్షలు చేయండి: 8.3 మిలియన్ అంటే 83 లక్షలు. పెద్ద అంకె అయితే పదితో భాగించి నేరుగా కోట్లు చేసేయండి: సూర్యుడి దూరం సుమారు 150 మిలియన్ కిలోమీటర్లు, అంటే 15 కోట్ల కిలోమీటర్లు. '1,500 లక్షల కిలోమీటర్లు' అని రాసినా లెక్క తప్పు కాదు, కానీ తెలుగువాళ్లెవరూ అలా మాట్లాడరు.

ట్రిలియన్ అన్నిటికంటే సులువు. అంకెను ముట్టుకోకుండా పక్కన 'లక్షల కోట్లు' చేర్చండి. 2024 జులైలో పెట్టిన కేంద్ర బడ్జెట్ 48.2 ట్రిలియన్ రూపాయలు అని విదేశీ పత్రికలో ఉంటే, మనకది 48.2 లక్షల కోట్లు. అంతే.

3. కామాలు ఎక్కడున్నాయో చూడండి

అంకె అక్షరాల్లో కాకుండా అంకెల్లో ఉంటే కళ్లు మోసం చేస్తాయి. 100,000,000 అని చూడగానే మన కన్ను మొదటి కామా దగ్గర ఆగి 'వంద' అంటుంది, ఆ తర్వాత ఏదో ఒకటి ఊహిస్తుంది. ఊహించకండి. కామాలన్నీ చెరిపేసి, కుడి నుంచి మొదట మూడు, ఆ తర్వాత రెండేసి చొప్పున మన పద్ధతిలో మళ్లీ పెట్టండి: 10,00,00,000. పది కోట్లు. కంప్యూటర్‌లో ఎక్సెల్ షీటు అమెరికా పద్ధతిలో ఉంటే కామాలు అలాగే వస్తాయి. ప్రాంతం సెట్టింగును ఇండియాకు మార్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

జర్మనీ, స్పెయిన్ లాంటి చోట్ల ఇంకో మెలిక. అక్కడ కామా దశాంశానికి, చుక్క వేలకు. వాళ్లు 1.500 అని రాస్తే అది ఒకటిన్నర కాదు, వెయ్యిన్నర. 4,2 అంటే నలభై రెండు కాదు, నాలుగు పాయింట్ రెండు.

4. ఏ కాలం, ఏ భాష అని అడగండి

ఇవాళ్టి ఇంగ్లీషు వార్త అయితే ఈ మెట్టు దాటేయవచ్చు, బిలియన్‌కి తొమ్మిది సున్నాలే. రెండు సందర్భాల్లో మాత్రం ఆగాలి.

ఒకటి, 1974కు ముందు బ్రిటన్‌లో అచ్చయిన పుస్తకం. అందులో బిలియన్ కనిపిస్తే పక్కన వేరే ఏ ఆధారమైనా ఉందేమో చూడండి. శాస్త్రవేత్తలు చాలామంది 'వెయ్యి మిలియన్లు' అనో, 10⁹ లాగా పది ఘాతాల్లోనో రాసేవారు కాబట్టి తప్పించుకోవచ్చు. అలా లేకపోతే లక్ష కోట్ల అర్థం ముందు పరీక్షించండి.

రెండు, ఇంగ్లీషు కాని యూరప్ భాష. జర్మన్‌లో, ఫ్రెంచిలో, స్పానిష్‌లో బిలియన్‌ను పోలిన మాటకు ఇప్పటికీ పన్నెండు సున్నాలే. మన వంద కోట్లకు జర్మన్లు 'మిలియార్డె', ఫ్రెంచివాళ్లు 'మిలియార్' అంటారు. స్పానిష్‌వాళ్లు 'మిల్ మిలియోనెస్' అంటారు, అచ్చం మన టీఎంసీలో లాగా వెయ్యి మిలియన్లు. పోర్చుగీసు ఇంకా విచిత్రం: అదే మాట బ్రెజిల్‌లో తొమ్మిది సున్నాలు, పోర్చుగల్‌లో పన్నెండు. జగిత్యాల నుంచో కడప నుంచో గల్ఫ్ వెళ్లిన మనవాళ్లు అక్కడి టీవీ వార్తల్లో వినే 'మిల్యార్' కూడా వంద కోట్లే.

దగ్గరగా ఒక లెక్క చూద్దాం. 1923 నవంబర్‌లో జర్మనీలో డబ్బు విలువ పూర్తిగా పడిపోయింది. ఒక అమెరికన్ డాలరుకు ఎన్ని మార్కులు? జర్మన్ పుస్తకంలో '4,2 బిలియోనెన్' అని ఉంటుంది. ఇంగ్లీషు కళ్లతో చదివితే 4.2 బిలియన్, అంటే 420 కోట్లు అనిపిస్తుంది. కానీ అది జర్మన్ బిలియోన్, పన్నెండు సున్నాలు. కాబట్టి 4.2 లక్షల కోట్లు. ఇంగ్లీషు పుస్తకంలో అదే సంగతి 4.2 ట్రిలియన్ అని ఉంటుంది. తప్పు అర్థం తీసుకుంటే లెక్క వెయ్యి రెట్లు కిందికి పోతుంది. అనువాదకులకు ఇది మామూలు ఉచ్చు. తెలుగులోకి తెచ్చేటప్పుడు 'లక్షల కోట్లు' అని రాస్తే ఏ భాష నుంచి తెచ్చినా గొడవే లేదు. ఆ సంగతిలో లక్ష, కోటి మనకు పెద్ద వరం.

5. పొట్టి అక్షరాలు

కె అంటే వెయ్యి, ఎం అంటే మిలియన్, బి లేదా బీఎన్ అంటే బిలియన్. యూట్యూబ్‌లో పాటకు 1.2 ఎం వ్యూస్ అంటే 12 లక్షలు. ఇంతవరకు అందరికీ తెలుసు.

తెలియనిది రెండు ఎంలు. రోమన్ అంకెల్లో ఎం అంటే వెయ్యి, మన మిల్లెనే. అందుకని పాత పద్దతి లెక్కలు రాసేవాళ్లు మిలియన్‌ను వెయ్యి ఇంటూ వెయ్యి అన్నట్టుగా ఎంఎం అని రాస్తారు. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ ధర గురించి చదివినప్పుడల్లా ఎదురయ్యే ఎంఎంబీటీయూలో ఉన్నది ఆ ఎంఎమ్మే. బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం. ఎంఎంబీటీయూ మిలియన్ బీటీయూలు, మిలియన్ మిలియన్లు కాదు. అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లకు ఫైనాన్స్ రిపోర్టుల్లో ఒంటి ఎం కనిపిస్తే, అది వెయ్యా మిలియనా అని అడిగి తెలుసుకోవడమే మంచిది. అడిగితే పోయే పరువేం లేదు.

6. డాలర్లయితే సున్నాలు ముందు, రేటు తర్వాత

ఈ వరస తిరగేస్తేనే తప్పులు పడతాయి. 44 బిలియన్ డాలర్లను నేరుగా 82తో గుణించి 3,608 అని తెచ్చుకుని, ఇప్పుడిది కోట్లా, వందల కోట్లా అని తల పట్టుకునేవాళ్లను చూశాను. ముందు డాలర్లనే మన నిచ్చెన మీదికి తెచ్చుకోండి. 2022లో ఇలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నది 44 బిలియన్ డాలర్లకు. అంటే 4,400 కోట్ల డాలర్లు. డాలరు 82 రూపాయలనుకుంటే 4,400 కోట్లు ఇంటూ 82, అంటే 3,60,800 కోట్ల రూపాయలు. సుమారు 3.6 లక్షల కోట్లు.

తరచూ వినిపించే 5 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ మాట కూడా అంతే. 5 లక్షల కోట్ల డాలర్లు. డాలరు 85 అనుకుంటే 425 లక్షల కోట్ల రూపాయలు. రేటు రోజూ మారుతుంది కాబట్టి ఏ రేటుకు లెక్కగట్టారో పక్కన రాయడం మర్యాద.

7. వచ్చిన జవాబును ఒకసారి మనిషికి పంచి చూడండి

సున్నా తప్పితే కాగితం మీద కనిపించదు. తలా ఎంతో చూస్తే కనిపిస్తుంది. మనం ఇంచుమించు 140 కోట్ల మందిమి. దేశమంతటికీ బిలియన్ రూపాయల పథకం అన్నారనుకోండి. వంద కోట్లను 140 కోట్ల మందికి పంచితే తలకు 70 పైసలు. వినడానికి భారీగా ఉన్న 'బిలియన్' ఒక చాక్లెట్ కొనడానికి కూడా సరిపోలేదు. అదే ట్రిలియన్ అయితే తలకు 700 రూపాయలు దాటుతుంది.

కాలంతో కూడా చూడవచ్చు. లక్ష సెకన్లంటే ఒక రోజు మీద నాలుగు గంటలు, కాస్త తక్కువ. మిలియన్ సెకన్లు పదకొండున్నర రోజులు. కోటి సెకన్లు నాలుగు నెలలకు కొంచెం తక్కువ. బిలియన్ సెకన్లు దాదాపు 31 ఏళ్ల 8 నెలలు. ట్రిలియన్ సెకన్లు 31 వేల ఏళ్ల పైమాట. మిలియన్‌కూ బిలియన్‌కూ ఉన్న తేడా నాకు నిజంగా ఎక్కింది ఈ లెక్క వేసినప్పుడే: ఒకటి సంక్రాంతి సెలవుల కంటే కొంచెం ఎక్కువ, ఇంకోటి ఒక మనిషి ఉద్యోగ జీవితం.

8. తెలుగులో ఏ మాట రాయాలి?

ఇక్కడ నా ఇష్టాయిష్టాలు కొంచెం ఉన్నాయి, చెప్పేస్తాను.

జనం నోట్లో నానిన చోట మిలియన్‌ను మిలియన్‌గానే వదిలేయాలి. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద జరిగింది 'మిలియన్ మార్చ్'. దాన్ని పదిలక్షల పాదయాత్ర అంటే ఎవరికీ అర్థం కాదు. వ్యూస్ కూడా మిలియన్లలోనే బాగుంటాయి. డబ్బు, జనాభా, దూరం అయితే మాత్రం లక్షలూ కోట్లే రాయాలి. బ్రాకెట్లో పెట్టి రెండు లెక్కలూ ఇచ్చేవాళ్లున్నారు. దానివల్ల తప్పు జరిగే అవకాశం రెండింతలవుతుంది తప్ప పాఠకుడికి ఒరిగేదేం లేదు.

బిలియన్‌కు తెలుగులో ఒక్క మాట లేదంటారు కొందరు. ఉంది. శతకోటి. 'శతకోటి లింగాల్లో ఒక బోడిలింగం' అని మన అమ్మమ్మలు అన్నది అక్షరాలా 'బిలియన్‌లో ఒకడు' అనే. 'శతకోటి దరిద్రాలకు అనంతకోటి ఉపాయాలు' కూడా అదే అంకె. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఇచ్చిన ఇరవై నాలుగు స్థానాల పేర్లలో పదో స్థానం శతకోటి, సరిగ్గా తొమ్మిది సున్నాలు. ఆ గ్రంథాన్నే తర్వాత పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఈ మధ్య పత్రికలు బిలియనీర్‌ను శతకోటీశ్వరుడు అంటున్నాయి, బాగుంది. డాలర్లలో అయితే ఆ మనిషికి శతకోటి రూపాయలు కాదు, దానికి ఎనభై తొంభై రెట్లు ఉంటాయని గుర్తుంచుకుంటే చాలు.

కోటి పైన మన పాత పేర్లను కూడా ఎందుకు వాడకూడదని అడుగుతారు. వాడి చూడండి, షుకే బిలియన్ కథే మళ్లీ ఎదురవుతుంది. అర్బుదం తీసుకోండి. యజుర్వేద కాలపు జాబితాలో అది కోటి. మహావీరుడి దగ్గర వెయ్యి కోట్లు. 1150 నాటి భాస్కరాచార్యుడి లీలావతిలో పది కోట్లు. దాని నుంచి వచ్చిన హిందీ 'అరబ్' ఇవాళ వంద కోట్లు. ఒకే మాట, నాలుగు విలువలు. పైగా ఇప్పుడు తెలుగులో అర్బుదం అంటే క్యాన్సర్. ఆస్తుల వార్తలో ఆ మాట ఎవరు రాస్తారు?

మాటల్లో నిలకడగా ఉన్నవి వేయి, లక్ష, కోటి. వేయి మీద మనకు కాస్త గర్వం ఉండాలి: తమిళ ఆయిరం, కన్నడ సావిర సంస్కృత సహస్రం నుంచి మారినవని పండితులు చెబుతారు, మన వేయి మాత్రం సొంతది. లక్ష అంటే సంస్కృతంలో గుర్తు, గురి కూడా. కోటి అంటే అంచు, విల్లు కొన. అంకెల అంచు అక్కడే అనుకున్నారేమో.

9. చివరగా ఒక లెక్క మీరే చేయండి

శ్రీశైలం జలాశయం పూర్తి నిల్వ 215.81 టీఎంసీలని పత్రికల్లో రాస్తుంటారు. ఎగువ నుంచి రోజంతా లక్ష క్యూసెక్కుల వరద వస్తోందనుకుందాం. ఒక్క చుక్క కూడా కిందికి వదలకపోతే, ఖాళీ జలాశయం ఎన్ని రోజుల్లో నిండుతుంది?

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు లక్ష ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు. రెండూ గుణిస్తే 864 కోట్ల ఘనపుటడుగులు. ఒక టీఎంసీ అంటే వెయ్యి మిలియన్లు, అంటే బిలియన్, అంటే వంద కోట్లు. కాబట్టి 864 కోట్లను వంద కోట్లతో భాగిస్తే 8.64 టీఎంసీలు. 215.81ని 8.64తో భాగిస్తే 25 రోజులు, వెంట్రుకవాసి తక్కువ.

ఈ లెక్కలో నాలాగే బిలియన్‌ను పది కోట్లనుకుంటే రోజుకు 86.4 టీఎంసీలు వచ్చి, మూడు రోజుల్లోపే శ్రీశైలం నిండిపోతుంది. పేపర్లో అలా వేస్తే మర్నాడు పొద్దున్నే కర్నూలు నుంచి ఫోన్ వస్తుంది.